నూట ఇరవయ్యో సీటు

జూలై 6, సోమవారం

జాబితా పెట్టేశాం. పదకొండు గంటలకి నోటీసు బోర్డు అద్దం వెనక నాలుగు కాగితాలు, అదే నిమిషంలో వెబ్‌సైట్‌లో కూడా. మెడికల్ కాలేజీ ప్రవేశాల సెక్షన్‌లో పధ్నాలుగేళ్ళుగా ర్యాంకుల జాబితా నా చేతి మీదుగానే వెళ్తోంది. ఇన్నేళ్ళలో ఒక్క అంకె అటూ ఇటూ కాలేదు. ఇది నా సొంత డబ్బా కాదు, మా సెక్షన్ హెడ్ రూళ్ళకర్ర కూడా అంటాడు. ఆయనకి ఆ పేరు పెట్టింది నేనే. మనిషీ అంత నిటారు, మాటా అంత నిటారు.

పిట్టకి సీటొచ్చింది! మొత్తం నూట ఇరవై సీట్లు, నూట ఇరవయ్యో పేరు మా పిట్టది. ఆఖరి సీటైతేనేం, బస్సు ఎక్కాక ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా దిగేది ఒకచోటే.

చెల్లెలు ఫోన్‌లో ఏడుస్తూ నవ్వింది. "అక్కా, ఇదంతా నీ చలవే," అంది. నా చలవేముంది, పిల్ల చదివింది. వాళ్ళింట్లో పొద్దస్తమానం కుట్టుమిషన్ చప్పుడు, అందుకని రెండేళ్ళు మా ముందుగదిలోనే చదువుకుంది. నేను చేసిందల్లా టీవీ అమ్మేయడం.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. దగ్గరి బంధువులెవరైనా పరీక్ష రాస్తుంటే ముందే రాసివ్వాలని ఒక ఫారం ఉంది. అందులో భర్త, భార్య, పిల్లలు, తోబుట్టువులు అని ఉంది. చెల్లెలి కూతురు అని లేదు. రెండుసార్లు చూసుకున్నాను.

జూలై 7

తలనొప్పి. ఏమీ తినలేదు.

జూలై 8

జాబితా మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. రూళ్ళకర్ర అందరి ముందూ మెచ్చుకున్నాడు. పక్క సీటు పెద్దాయన, మేమంతా బాబాయ్ అని పిలుస్తాం, అందరికీ టీ తెప్పించాడు. అంతా సరిగ్గానే ఉంది.

అంతా సరిగ్గానే ఉంది.

జూలై 9, గురువారం

నా డైరీలో నేనే అబద్ధాలు రాసుకుంటే ఇక దీనికి తాళం ఎందుకు? రాసేస్తాను.

జాబితా పెట్టిన రోజు సాయంత్రం ఫైలులో దాచడానికి తయారీ కాగితం ప్రింటు తీశాను. దేని ప్రకారం వరుస వేశామో దాని మీద ఉంటుంది. ఒక్కో గడి తల మీద చిన్న బాణం. పెద్ద అంకె పైన ఉంటే బాణం కిందికి చూస్తుంది, చిన్న అంకె పైన ఉంటే పైకి చూస్తుంది.

నిబంధన చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేదే. ముందు మొత్తం మార్కులు. అవి సమానమైతే బయాలజీ. అవీ సమానమైతే కెమిస్ట్రీ. అవి కూడా సమానమైతే వయసులో పెద్దవాళ్ళు ముందు. మార్కుల్లో ఎప్పుడూ పెద్దది పైన. పుట్టిన తేదీ దగ్గర మాత్రం తిరగెయ్యాలి, ఎందుకంటే ముందు పుట్టినవాళ్ళ తేదీ చిన్నది. మూడు బాణాలు కిందికి, నాలుగోది పైకి. పధ్నాలుగేళ్ళుగా అంతే.

ఆ కాగితంలో నాలుగు బాణాలూ కిందికే చూస్తున్నాయి.

మూడుసార్లు పెద్దది పైన, పెద్దది పైన, పెద్దది పైన అని నొక్కిన చెయ్యి నాలుగోసారి కూడా అదే నొక్కింది. అలవాటు. కేవలం అలవాటు. కావాలని చేశానా అంటే దేవుడి మీద ఒట్టు, కాదు.

జాబితా మధ్యలో ఇలా సమానమైనవాళ్ళు ఆరేడు జంటలున్నారు. వాళ్ళలో ఎవరు ముందైనా ఇద్దరికీ సీటొచ్చింది కాబట్టి ఏ గొడవా లేదు. గొడవల్లా ఒక్కచోట. నూట ఇరవై, నూట ఇరవై ఒకటి. మొత్తం సమానం, బయాలజీ సమానం, కెమిస్ట్రీ సమానం. పిట్టకి పద్దెనిమిదేళ్ళు. రెండో మనిషికి ఇరవై అయిదు. సరిగ్గా వేస్తే నూట ఇరవయ్యో పేరు అతనిది.

రెండో సంతకం బాబాయ్ పెట్టాడు. జాబితా ఒకరు వేస్తే ఇంకొకరు మొదటి నుంచి సరిచూసి సంతకం పెట్టాలి. బాబాయ్ నా కాగితం చూడడు. "నువ్వు వేశాక నేను చూసేదేంటి అమ్మాయ్," అని కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా గీకేస్తాడు. వచ్చే డిసెంబర్లో రిటైరవుతాడు. ఇప్పుడు ఇది బయటపెడితే ఆయన పింఛను ఏం కావాలి?

జూలై 12, ఆదివారం

చెల్లెలి ఇంట్లో భోజనం. మరిది బస్సు డ్యూటీకి సెలవు పెట్టి మరీ ఉన్నాడు. "వదినగారూ, మా వంశంలో సూదిమందు వేయించుకున్నవాళ్ళే గానీ వేసినవాళ్ళు లేరండీ," అని చెప్పిందే చెప్పి నవ్వుకున్నాడు. చెల్లెలు పిట్ట కోసం రెండు తెల్లకోట్లు కుట్టి పెట్టింది. కొన్నవి భుజాల దగ్గర జారుతున్నాయట.

నేనే మాట తెచ్చాను. ఏదో మామూలుగా అన్నట్టు అడిగాను. "ఇద్దరికీ మార్కులు అచ్చంగా సమానమొస్తే పెద్దవాళ్ళకివ్వడం న్యాయమేనంటావా?"

పిట్ట నోట్లో ముద్ద ఉండగానే మొదలెట్టింది. "అదేం న్యాయం పెద్దమ్మా! ముందు పుట్టడం కూడా ఒక గొప్పేనా? నేను పద్దెనిమిదేళ్ళకే తెచ్చుకున్న మార్కులు ఇంకొకళ్ళు ఇరవై అయిదేళ్ళకి తెచ్చుకుంటే నాదే కదా ఎక్కువ తెలివి?"

"మరి చీటీలు వెయ్యాలా?"

"వెయ్యొచ్చు. కానీ ఏదైనా ముందే చెప్పాలి. ఆట మొదలయ్యాక రూలు మార్చకూడదు. అంతే."

పిల్ల చెప్పిందాంట్లో మొదటి సగం బాగుంది. ఇంటికొచ్చేదాకా దాన్నే నెమరేసుకున్నాను. పుట్టిన రోజుకీ వైద్యానికీ ఏమిటి సంబంధం? మూడు గంటల పరీక్షలో ఒక మార్కు అటో ఇటో, అది పంటి నొప్పో, పక్కవాడి దగ్గో. ఒకే మార్కు తెచ్చుకున్న ఇద్దరిలో ఎవరు మంచి డాక్టరవుతారో ఏ కాగితమూ చెప్పలేదు. అలాంటప్పుడు నా చేతి పొరపాటు కూడా ఒక చీటీ లాంటిదే కదా.

రెండో సగం గురించి ఆలోచించలేదు.

జూలై 14, మంగళవారం

అర్జీ వచ్చింది.

గళ్ళ కాగితం, గుండ్రటి అక్షరాలు. ఊరి పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేస్తాడట. "నాకూ నూట ఇరవయ్యో ర్యాంకు అభ్యర్థికీ మొత్తం మార్కులు, బయాలజీ, కెమిస్ట్రీ సమానమని జాబితాలో ఉన్నది. వారి పుట్టిన తేదీ జాబితాలో లేదు. నాకు అక్టోబరులో ఇరవై ఆరు వస్తుంది. వారు నాకన్నా కొద్ది నెలలు పెద్దవారై ఉండవచ్చును. అలా అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. దయచేసి ఒక్కసారి సరిచూడగలరు."

ఏడుపులు లేవు, బెదిరింపులు లేవు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

పరీక్ష రాయడానికి ఇరవై అయిదు దాటకూడదు. అంటే వచ్చే ఏడు ఇతనికి దారి మూసుకుపోతుంది. పిట్టకింకా ఏడేళ్ళుంది. ఈ లెక్క వెయ్యకుండా ఉండాల్సింది. వేసేశాను. అలవాటు.

రూళ్ళకర్ర అర్జీ చివరిదాకా చదవను కూడా చదవలేదు. "నువ్వు చూసి జవాబు పంపించెయ్యమ్మా. నువ్వు చూస్తే నేను చూసినట్టే," అన్నాడు. పెద్దవాళ్ళు ముందన్న నిబంధన అసలెందుకు పెట్టారని అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టాడు. "ఎందుకేముంది, పెద్దవాళ్ళకి మిగిలిన ఛాన్సులు తక్కువ. ఇంతకన్నా మంచిది నీకు తోస్తే రాసివ్వు, వచ్చే ఏడాదికి చూద్దాం. ఈ ఏడాదికి మాత్రం పరీక్షకి ముందు ఏది చెప్పామో అదే న్యాయం," అన్నాడు.

పిట్ట చెప్పిన రెండో సగమే. వీళ్ళిద్దరూ మాట్లాడుకున్నారా ఏమిటి!

జూలై 15

జవాబు పంపాను. "మీ అర్జీ పరిశీలించడమైనది. ర్యాంకుల నిర్ధారణ ప్రకటించిన నిబంధనల ప్రకారమే జరిగినదని తెలియజేయడమైనది." ఎప్పుడూ వాడే వాక్యమే. నేను కొత్తగా రాసింది ఏమీ లేదు. కింద సంతకం మాత్రం నాది.

జూలై 16

పిట్ట కోసం.

జూలై 20, సోమవారం

క్లాసులు మొదలయ్యాయి. సాయంత్రం తిన్నగా మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పకుండానే మాటలు. పెద్ద హాలు, మెట్లు మెట్లుగా బెంచీలు, ఎముకల పెట్టె, ఆ పెట్టెలోంచి తీసి చేతిలో పెట్టిన మణికట్టు ఎముక. "ఇంత చిన్నది పెద్దమ్మా, శనగగింజంత! దీనికి ఒక పేరు, దీనికి నాలుగు వైపులు, ఒక్కో వైపుకి మళ్ళీ ఒక్కో పేరు!" నా చెయ్యి లాక్కుని మణికట్టు నొక్కి ఆ ఎముక ఎక్కడుందో చూపించింది.

దాని మొహంలో అంత వెలుగు నేను ఇంతవరకూ చూడలేదు. ఈ ముఖం చూశాక ఇంకెవరైనా నోరు విప్పుతారా? నేను చేసినదాంట్లో తప్పేముంది?

ఈ నెలాఖరుకి జాబితా మూసేస్తారు. ఆ తర్వాత ఎంత తప్పున్నా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. ఇంకా పదకొండు రోజులు.

జూలై 22, బుధవారం

ఒంటిపూట సెలవు పెట్టాను. మోకాలు నొప్పి. నిజంగానే నొప్పి, ఈ నొప్పికి రెండేళ్ళు. ఆసుపత్రిలో చీటీ రాయించుకుని ఎక్స్‌రే గది ముందు బల్ల మీద కూర్చున్నాను. మోకాలు చూపించుకోవడానికే వెళ్ళాను.

అతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కళ్ళ కింద నల్లగా. చొక్కా జేబులో మడత పెట్టిన కాగితాలు. నా ముందున్న ముసలాయనకి చెవులు సరిగ్గా వినపడవు, నడుం అటు తిప్పమంటే ఇటు తిప్పుతున్నాడు. మూడోసారికి ఇతను గట్టిగా అరిచాడు. "అటు కాదయ్యా! చెబుతుంటే వినపడదా? బయట ముప్పై మంది ఉన్నారు!" ముసలాయన బిక్కమొహం వేశాడు.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇదీ మనిషి! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఈ నోటితో ఇతను డాక్టరై ఎవర్ని ఉద్ధరిస్తాడు? మా పిట్ట చీమని కూడా పలకరించి పక్కకి జరుగుతుంది. దేవుడు చూసే చేశాడు. నేను కాదు, దేవుడు.

నా వంతు వచ్చింది. "కదలకండి, కదిలితే మళ్ళీ తియ్యాలి," అన్నాడు. నేను కదిలాను. ఎందుకు కదిలానో తెలియదు. మళ్ళీ తీశాడు. విసుక్కోలేదు.

జూలై 24

ఇంకా ఏడు రోజులు.

జూలై 25

ఇంకా ఆరు. బాబాయ్ "ఏంటమ్మాయ్ అంత చిక్కిపోయావు," అన్నాడు. ఎండలు అన్నాను. వారం నుంచి వాన పడుతోంది.

జూలై 27, సోమవారం

అతను వచ్చాడు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర నేనే ఉన్నాను. సర్టిఫికెట్లు తిరిగి తీసుకోవడానికి వచ్చాడు. ఆసుపత్రిలో అతని ఉద్యోగం ఖాయం చేస్తున్నారట, దానికి అసలు కాగితాలు ఇవ్వాలట. ఫైలు తెచ్చి ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇస్తున్నాను. నా మొహంలోకి చూసి "మీ మోకాలెలా ఉందండీ? రెండుసార్లు తీశాం కదా," అన్నాడు.

తగ్గిందని తలూపాను.

జవాబు కాగితం అతని జేబులోనే ఉంది. తీసి, కింద ఉన్న సంతకం నా పేరే కదా అని అడిగాడు. అవునన్నాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కొంగు సర్దుకున్నాను.

"థాంక్సండీ. అర్జీలు ఎవరూ చదవరని మావాళ్ళు అన్నారు. మీరు చూసి మరీ జవాబిచ్చారు. లేకపోతే ఈ జన్మంతా అనుమానం పీకుతూనే ఉండేది."

నేను సర్టిఫికెట్లు మళ్ళీ లెక్కపెట్టాను.

"ఒక్కటే అనుకున్నానండీ," అన్నాడు అతను. "వాళ్ళెవరో గానీ, నాకన్నా పెద్దవాళ్ళే అయ్యుంటారు కదా. అంటే వాళ్ళకీ ఇదే ఆఖరి ఏడు. ఏదో పని చేసుకుంటూ చదువుకున్నవాళ్ళే అయ్యుంటారు. పోన్లెండి. నాలాంటివాళ్ళకే వెళ్ళింది."

తీసుకున్నట్టు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినావిడ ఏదో అడుగుతోంది. నాకు ఒక్క ముక్క వినపడలేదు.

అతను ముసలాయన మీద అరిచిన మాట నిజమే. నేను కూడా ఈ కిటికీలోంచి రోజుకి ముగ్గురి మీద అరుస్తాను. మార్కుల పరీక్షలో గుణం చూడరు, ఎవరి గుణమూ చూడరు, అందుకే కదా ఆ పరీక్ష. మరి అతని గుణం చూడమని నన్నెవరు పంపించారు?

జూలై 28, మంగళవారం

బాబాయ్‌ని మెట్ల మీదకి తీసుకెళ్ళి చెప్పాను. నాలుగు బాణాల కాగితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన నా కాగితం చూడడం ఇదే మొదటిసారి.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. మీ పింఛను ఆగిపోతుందేమోనని..."

"నన్ను అడ్డం పెట్టుకోకమ్మాయ్," అన్నాడు. గొంతు పెంచలేదు. "చూడకుండా సంతకం పెట్టాను. అది నా తప్పు, దాని శిక్షేదో నేను పడతాను. తిలా పాపం తలా పిడికెడు. కానీ నువ్వు ఇన్నాళ్ళు ఆగింది నా కోసం అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎవరి కోసం ఆగావో నీకు తెలుసు."

నూట ఇరవయ్యో పేరు ఎవరిదో ఆయనకి చెప్పలేదు. తెలుసేమో. రెండేళ్ళుగా పిట్ట ఫోటో నా టేబుల్ అద్దం కిందే ఉంది.

జూలై 29, బుధవారం

పొద్దున్న కాగితం రాసుకుని రూళ్ళకర్ర గదిలోకి వెళ్ళాను. పుట్టిన తేదీ వరుస తిరగబడిందని, నూట ఇరవై, నూట ఇరవై ఒకటి తారుమారయ్యాయని, అర్జీకి నేనిచ్చిన జవాబు తప్పని రాశాను. ఆయన చదివి, లేచి వెళ్ళి తలుపు మూశాడు.

"ఎల్లుండితో జాబితా మూసేస్తాం. ఈ కాగితం ఒకటో తేదీన ఇచ్చి ఉంటే?"

"మీరేమీ చెయ్యలేరు సార్."

"అవును. ఏమీ చెయ్యలేను." వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఆ అమ్మాయి పది రోజులుగా క్లాసులో కూర్చుంటోంది. లేపి పంపించాలి. పేపర్లలో వస్తుంది. నీ పధ్నాలుగేళ్ళూ ఎవరికీ గుర్తుండవు." కాగితాన్ని నా వైపు కొంచెం జరిపాడు. "నేనింకా దీన్ని రిజిస్టర్లో ఎక్కించి నంబరు వెయ్యలేదమ్మా."

చెయ్యి చాచాను. ఇక్కడ అబద్ధం రాయను, చాచాను. కాగితం అంచు వేళ్ళకి తగిలింది కూడా.

అప్పుడు కనిపించింది, అందులో ఒక ముక్క రాయలేదని. నిజం ఒప్పుకోవడానికి వెళ్తూ కూడా దాన్ని దాచాను. ఆయన టేబుల్ మీది పెన్ను తీసుకుని చివర రాశాను. నూట ఇరవయ్యో అభ్యర్థిని నా చెల్లెలి కూతురు. తప్పు నాకు ఆరో తేదీనే తెలుసు.

ఆయన చదివాడు. ముఖం మారిపోయింది. ఇంతవరకూ ఉన్న జాలి పోయింది. "కంచే చేను మేస్తే..." అని ఆపేశాడు. కాగితం తన వైపు లాక్కుని నంబరు వేశాడు.

బయటికి వచ్చాక అనుకున్నాను, పిట్టకి ముందు నేనే చెప్పాలని. ఫోన్ తీశాను. మోగుతుంటే కట్టేశాను. రేపు చెబుతాను, నెమ్మదిగా కూర్చోబెట్టి చెబుతాను.

జూలై 30, గురువారం

నేను చెప్పలేదు. పదిన్నరకి క్లాసులోకి ప్యూను వెళ్ళి, నంబరు చదివి, ఆఫీసుకి రమ్మన్నాడట. ఎముక చేతిలో పట్టుకునే లేచిందట. అందరూ చూస్తున్నారట. ఇవన్నీ చెల్లెలు చెప్పింది. చెప్పింది అనకూడదు, అరిచింది.

"ఎవడో ఎక్స్‌రేలు తీసుకునేవాడి కోసం ఇంట్లో పిల్ల గొంతు కోశావు! నీకు పిల్లలుంటే తెలిసేది!"

"దాని కోసమే కదే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను!" అన్నాను. "నా ఉద్యోగం, నా పరువు, అన్నీ దాని కోసమే..."

"అయితే ఇంకో రెండు రోజులు మూసుకోలేకపోయావా!"

మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆయనకి నవ్వడం తప్ప ఇంకో ముఖం ఉందని నాకు తెలియదు. పిట్ట లోపలి గదిలో ఉంది. తలుపు తియ్యలేదు.

జూలై 31

నన్ను సస్పెండ్ చేశారు. విచారణ ఉంటుందట. బాబాయ్‌కి మెమో ఇచ్చారు. అతను కాలేజీలో చేరాడని రూళ్ళకర్ర ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాల్సిన పనిలేదు ఆయనకి. చెప్పి పెట్టేశాడు.

ఆగస్టు 2, ఆదివారం

చెల్లెలికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. తియ్యలేదు.

బాధ పిట్ట కోసం. నా కోసం కాదు. నాకేం, ఒంటి పక్షిని.

ఆగస్టు 3

పై వాక్యం చదివాను. కొట్టేద్దామనుకుని వదిలేశాను. ఉండనీ.

నిజమేమిటంటే, పిట్టకి సీటొస్తే నాకూ ఏదో వచ్చినట్టుండేది. మా వీధిలో, చెల్లెలి ఇంట్లో నాదంటూ ఒక గెలుపు. ఆ ఇరవై మూడు రోజులూ నేను కాపాడుకున్నది ఏదో నాకు పూర్తిగా తెలియదు, పిల్లనొక్కదాన్నే కాదని మాత్రం తెలుసు.

ఆగస్టు 5, బుధవారం

సాయంత్రం అయిదింటికి పిట్ట వచ్చింది. పుస్తకాలు తీసుకెళ్ళడానికట. కళ్ళు వాచి ఉన్నాయి. మనిషి నిలకడగానే ఉంది. ముందుగదిలో అట్టపెట్టె పెట్టుకుని ఒక్కొక్క పుస్తకం సర్దుతోంది. టీ పెట్టనా అన్నాను. వద్దంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా ఇంట్లో నేనే చుట్టాన్నైనట్టుంది.

"నన్ను తిట్టు," అన్నాను.

"తిట్టను. సీటు అతనిదే. రూలు పరీక్షకి ముందు నేనూ చదివి సంతకం పెట్టాను." పెట్టె మూత వేసింది. "అందరి ముందూ లేపారు చూడు, అది మర్చిపోవడానికి టైమ్ పడుతుంది. నువ్వు మొదటి రోజే చెప్పుంటే నేను ఆ హాల్లో అడుగు కూడా పెట్టేదాన్ని కాదు. ఆ హాలు ఎలా ఉంటుందో నాకు తెలిసేది కాదు."

బల్ల మీద మిగిలిన పెన్ను తెచ్చి పెట్టె మీద పెట్టాను.

"ఒకటడుగుతాను పెద్దమ్మా. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"ఆ అర్జీ నాదైతే? నేను నూట ఇరవై ఒకటిలో ఉండి, ఇంకెవరో నా సీట్లో కూర్చుని ఉంటే? నీకు ఎన్ని రోజులు పట్టేది?"

అతని విషయంలో నాకు ఇరవై మూడు రోజులు పట్టింది. అది కూడా అతను వచ్చి నాకు థాంక్స్ చెబితే.

"పది నిమిషాలు," అన్నాను.

పిట్ట తలూపింది. ముందే తెలిసిన జవాబుని ఇంకోసారి నా నోట విన్నట్టు. అట్టపెట్టె ఎత్తుకుంది. సాయం పట్టబోతే పక్కకి జరిగింది. గుమ్మం దాటి, వెనక్కి తిరగకుండానే అంది.

"నా కోసం ఆగావని ఇంకెవరితోనూ అనకు పెద్దమ్మా."

అనను అన్నాను. ఇక్కడ కూడా ఇంక రాయను.